స్పిట్‌ఫైర్ కింద నాలుగు పలకల ప్లగ్గు: మార్చేయమనే నా వాదన

నాది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్, పాతకాలపు చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. దాని గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ దించే ప్లగ్గు తలకి నాలుగు పలకలుండాలి. నా చేతికొచ్చేసరికి అది దాదాపు గుండ్రంగా తయారైంది. రెండు మూలలు పైపు రెంచి పళ్ళకి అరిగిపోయాయి. మూడో మూల మీద ఉలి పెట్టి సుత్తితో కొట్టిన గాటు. నాలుగోది ఒక్కటే కాస్త అసలు ఆకారంలో మిగిలింది. కారు 1968 నాటి మార్క్ 3, కొవెంట్రీలోని కాన్లీ ఫ్యాక్టరీలో తయారైంది. ఇన్నేళ్ళలో దాని కింద దూరిన వాళ్ళంతా ఆ ప్లగ్గు మీద తలా ఒక చెయ్యి వేసి వెళ్ళారు. ఆయిల్ ఎంతమంది మార్చారన్నది మాత్రం అనుమానమే.

ఇలాంటి ప్లగ్గు కనిపిస్తే మొహమాటం లేకుండా తీసి పక్కన పెట్టండి. అదే త్రెడ్డుతో, అంటే అవే మరలతో, మామూలు స్పానర్‌కి చక్కగా దొరికే ఆరు పలకల తల ఉన్న ప్లగ్గు పెట్టుకోండి. ఒరిజినల్ పోతుందేమో, రేపు అమ్మేటప్పుడు రేటు తగ్గుతుందేమో అని వెనకాడక్కర్లేదు. కాకపోతే ఒక షరతు. మార్చేది ప్లగ్గుని మాత్రమే, అది కూర్చునే రంధ్రం జోలికి పోకూడదు. చాలామంది దారి తప్పేది ఇక్కడే.

ఇంత చిన్న ముక్క గురించి ఇంత గొడవెందుకు అనొచ్చు. పాత బ్రిటిష్ కార్లున్నవాళ్ళని కదిలించి చూడండి. ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారంటే నెలతో సహా చెబుతారు. గేర్‌బాక్స్ ఆయిల్ అనగానే నసుగుతారు. వెనక చక్రాలకి శక్తి పంచే పళ్ళ పెట్టె, అదే డిఫరెన్షియల్, దాని సంగతి అడిగితే మాట మార్చేస్తారు. ఇది బద్ధకం అని నేననుకోను. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ నట్టు చేతికందుతుంది, స్పానర్‌కి లొంగుతుంది. మిగతా రెండూ లొంగవు. విప్పబోతే మూలలు అరుగుతాయి, ఇంకా బలం పెడితే పోత పోసిన లోహపు పెట్టె పగులుతుందేమోనని టెన్షన్. దాంతో పైన ఆయిల్ పోసే ఫిల్లర్ రంధ్రంలో వేలు పెట్టి చూసి, కాస్త తగ్గితే కాస్త పోసి వచ్చేస్తారు. అడుగున మురికి అలాగే ఉంటుంది.

నా గేర్‌బాక్స్ నుంచి దిగిన ఆయిల్‌ని తెల్లటి ప్లాస్టిక్ ట్రేలో పట్టాను. మొదట గంధకం వాసన గుప్పున కొట్టింది, గేర్ ఆయిల్‌లో కలిపే రసాయనాల వాసన అది. రంగు బాగా మరిగిన చింతపండు పులుసు. ట్రేని ఎండలోకి పట్టుకెళ్ళి కాస్త వంచితే అందులో సన్నటి బంగారు రంగు పొడి మెరిసింది. గేరు మార్చేటప్పుడు చక్రాల వేగాల్ని కలిపే సింక్రో రింగుల నుంచి అరిగిన ఇత్తడి అది. కొంచెమైతే కంగారు పడక్కర్లేదు, ఆ రింగుల పనే రాపిడి. కానీ దాన్ని ఏళ్ళ తరబడి పళ్ళ చక్రాల మధ్య, బేరింగుల మధ్య తిప్పుతూ ఉండటం ఎవరికి మేలు?

అసలు ఈ నాలుగు పలకల తల ఎక్కడిది? నీళ్ళ పైపుల పనిలో పైపు కొస మూయడానికి వాడే ప్లగ్గు రకమే ఇది. చవక, గట్టిది, వాషర్ అక్కర్లేదు. ఫ్యాక్టరీలో కొత్త ప్లగ్గుని సరైన సాకెట్‌తో బిగించే మనిషికి ఏ ఇబ్బందీ లేదు. ఆ కారు అర్ధ శతాబ్దం దాటి బతుకుతుందని, శీతాకాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఆ మూలలు తుప్పు పడతాయని, దాని కింద ఓ తెలుగువాడు వెల్లకిలా పడుకుని తిట్టుకుంటాడని వాళ్ళు ఊహించలేదు. వాళ్ళ తప్పేం లేదు. అలాగని వాళ్ళు పొదుపు కోసం పెట్టిన ముక్కని మనం వారసత్వంలా మోయాల్సిన పనీ లేదు.

ఇక అసలు చిక్కు, త్రెడ్డు సంగతి.

డ్రెయిన్ ప్లగ్గులు రెండు రకాలు. ఒకటి తిన్నటిది, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. లీకు ఆపేది దాని తల కింద ఉండే రాగి వాషరో ఫైబర్ వాషరో. రెండోది టేపరు, కొస సన్నం, తల వైపు లావు. దీనికి వాషర్ ఉండదు. బిగిస్తున్నకొద్దీ త్రెడ్డే రంధ్రంలో ఇరుక్కుని ఆయిల్‌ని ఆపుతుంది. ట్రయంఫ్‌లలో కనిపించే నాలుగు పలకల ప్లగ్గులు ఈ రెండో రకం. దాన్ని తీసేసి తిన్నటి ప్లగ్గు, కింద రాగి వాషరు పెడదామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. పని జరగదు. వాషర్ ఆనాలంటే రంధ్రం చుట్టూ నున్నగా చెక్కిన చదును ఉండాలి. టేపరు ప్లగ్గు కోసం చేసిన చోట ఆ చదును ఉండదు, పోత పోసినప్పటి గరుకే ఉంటుంది. కాబట్టి టేపరు తీస్తే మళ్ళీ టేపరే పెట్టాలి. మారేది తల ఆకారం ఒక్కటే.

ఏ టేపరు అన్నది తర్వాతి ప్రశ్న. బ్రిటన్ వాళ్ళ పైపు త్రెడ్డు బీఎస్పీ, అమెరికా వాళ్ళది ఎన్పీటీ. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. పైపు లెక్కలో మూడు బై ఎనిమిది అంగుళం సైజు తీసుకోండి. బీఎస్పీలో అంగుళానికి 19 మరలు, త్రెడ్డు కోణం 55 డిగ్రీలు, బయటి కొలత 16.66 మిల్లీమీటర్లు. ఎన్పీటీలో 18 మరలు, 60 డిగ్రీలు, 17.15 మిల్లీమీటర్లు. తేడా అర మిల్లీమీటరు. ఒకదాని రంధ్రంలో ఇంకోదాన్ని తిప్పితే మొదటి చుట్టు, రెండో చుట్టు హాయిగా ఎక్కుతుంది. ఆ తర్వాత గట్టిపడుతుంది. టేపరు కదా, గట్టిపడటం మామూలే అనుకుని ఇంకాస్త బిగిస్తారు. అక్కడ త్రెడ్డు పోతుంది, లేదంటే అల్యూమినియం పోతలో వెంట్రుక వాసి పగులు పడుతుంది. అర అంగుళం సైజులో ఇంకా మోసం. రెండింటికీ అంగుళానికి 14 మరలే, కానీ లావూ కోణమూ వేరు.

దీనికో తమాషా ఉంది. టెక్సస్‌లో హార్డ్‌వేర్ షాపుకెళ్ళి మూడు బై ఎనిమిది పైపు ప్లగ్గు ఇమ్మంటే ఎన్పీటీ చేతిలో పెడతారు. విజయవాడలో అడిగితే బీఎస్పీ ఇస్తారు, మన పైపుల లెక్కలన్నీ బ్రిటిష్ వాళ్ళవే కాబట్టి. ఎంజీలు, ట్రయంఫ్‌లు లాంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు భారీగా అమ్ముడైంది అమెరికాలోనే. అంటే అక్కడ చాలాకాలం తిరిగి మళ్ళీ ఇంగ్లండ్ చేరిన కారు కింద ఎవరు ఏ షాపులో కొన్న ప్లగ్గు ఎక్కించారో దేవుడికే తెలియాలి. అందుకే "ఈ మోడల్‌కి ఈ త్రెడ్డు" అని ఎవరైనా ధీమాగా చెబితే విని ఊరుకోండి. ప్లగ్గు విప్పాక వెర్నియర్‌తో లావు కొలవండి, త్రెడ్డు గేజి పెట్టి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. గేజి పళ్ళకీ ప్లగ్గు మరలకీ మధ్య వెలుగు ఒక్క చోట కనిపించినా అది ఆ త్రెడ్డు కాదు. 18కీ 19కీ తేడా మొదటి నాలుగు మరల్లో పట్టుబడదు, చివరి మరల దగ్గర పట్టుబడుతుంది. పాత ప్లగ్గు అరిగిపోయి ఉంటే రంధ్రాన్నే నమ్మాలి. కొత్తది చేత్తో తిప్పినప్పుడు ఏ కిరకిరా లేకుండా మూడు నాలుగు చుట్లు పోయిందంటే ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు.

బ్రిటిష్ కార్ల త్రెడ్డుల గందరగోళం చెప్పుకుంటే ఒడిసేది కాదు. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మొట్టమొదటిసారి దేశం మొత్తానికీ పనికొచ్చే త్రెడ్డు ప్రమాణం ప్రతిపాదించాడు, ఆ 55 డిగ్రీలు ఆయనవే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్, కెనడా సామాన్లు ఒకదానికొకటి సరిపడక నానా అవస్థ పడి, 1948లో మూడు దేశాలూ 60 డిగ్రీల ఉమ్మడి త్రెడ్డుకి ఒప్పుకున్నాయి. కార్ల కంపెనీలు బోల్టులు మార్చాయి కానీ పైపుల దగ్గర, ట్యాపుల దగ్గర పాత బీఎస్పీ ఉండిపోయింది. ఎంజీ వాళ్ళ ఎంజీబీ మోడల్ తీసుకుంటే బోల్టులు ఒక రకం, ఆయిల్ కూలర్ పైపులు ఇంకో రకం.

వీటన్నిటికీ తాత ఎంజీ టీసీ, టీడీ కార్లలో ఉన్న 1250 సీసీ ఇంజిన్. దాని బోల్టుల తలలకి విట్‌వర్త్ స్పానర్లు పడతాయి, త్రెడ్డు మాత్రం మెట్రిక్. ఎందుకంటే ఆ ఇంజిన్ల వంశం కొవెంట్రీలో ఉన్న హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ ఫ్యాక్టరీలో మొదలైంది. విలియం మోరిస్ 1923లో దాన్ని కొన్నాడు. యంత్రాలన్నీ ఫ్రెంచి కొలతలవి, స్పానర్లన్నీ ఇంగ్లీషు వాళ్ళవి. యంత్రాలు మార్చడం కన్నా తలలు మార్చడం చవక అనుకున్నట్టున్నారు. "ఒరిజినల్" పేరుతో ప్లగ్గు తల కూడా మార్చకూడదనే పెద్దమనుషులకి నేను ఈ కథే చెబుతుంటాను. తల ఒకటి, త్రెడ్డు ఒకటి పెట్టి నెట్టుకొచ్చింది ఆ కంపెనీలే కదా!

విప్పే పద్ధతి గురించి పుస్తకాలు చాలానే చెబుతాయి కాబట్టి రెండే ముక్కలు. ముందు ఫిల్లర్ ప్లగ్గు విప్పాలి, అది వచ్చాకే డ్రెయిన్ ముట్టుకోవాలి. ఆయిల్ మొత్తం దించేసి, తీరా పోద్దామంటే ఫిల్లర్ ఊడిరాకపోతే కారు అక్కడే నిలిచిపోతుంది. రెండోది, నాలుగు పలకల తలకి ఎనిమిది కోణాల సాకెట్ దొరుకుతుంది, అది కొనుక్కోండి. మామూలు పన్నెండు కోణాల సాకెట్ పలకల్ని సరిగ్గా పట్టదు, మూలల్ని నలుపుతుంది. కదలకపోతే హాట్ ఎయిర్ గన్‌తో ప్లగ్గు చుట్టూ ఉన్న పోతని వేడి చేసి, మొదట ఒక్క వెంట్రుక వాసి బిగించి, తర్వాత విప్పి చూడండి. మంట మాత్రం వద్దు. పాత కారు కింద ఆయిలు, పెట్రోలు తడి ఉండని చోటు లేదు.

కొత్త ప్లగ్గు తల ఎలా ఉండాలన్న దాని మీద నాకు పట్టుదలలున్నాయి. కొందరు ఆలెన్ కీ పట్టే, తల లోపలికి ఉండే రకం పెడతారు. రోడ్డు మీద రాయి తగిలినా దెబ్బ తినదు, నిజమే. అయితే ఆ గుంటలో మట్టి, ఆయిల్ జిడ్డు, ఉప్పు కలిసి గట్టిపడతాయి. రెండేళ్ళ తర్వాత దాన్ని సూదితో గీకుతూ కూర్చోవాలి. సరిగ్గా గీకకుండా కీ పెట్టి తిప్పితే లోపలి మూలలు పోతాయి, అప్పుడు పట్టుకోవడానికి బయట ఏమీ ఉండదు. స్పానర్ తిరగడానికే చోటు లేనప్పుడు తప్ప నేను ఆరు పలకల తలకే ఓటేస్తాను. లోహం విషయంలో అల్యూమినియంలోకి స్టెయిన్‌లెస్ స్టీల్ వద్దు. మెరుపు బాగుంటుంది, ఉప్పు నీళ్ళు తగిలితే ఈ రెండు లోహాలూ ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి, తినబడేది అల్యూమినియమే. పోత ఇనుములోకైతే ఇత్తడి భేషుగ్గా ఉంటుంది, తుప్పు పట్టి అతుక్కోదు. టేపరు మీద తెల్ల టేపు చుట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తర్వాతి సారి విప్పినప్పుడు ఆ టేపు పీలికలు లోపల పడతాయి. కొంచెం త్రెడ్డు పేస్టు రాస్తే సరిపోయేదానికి అదంతా అవసరమా?

అయస్కాంతం ప్లగ్గులంటారా, పెట్టుకోండి, నేనూ పెట్టాను. ఉక్కు పొడి పట్టి చూపిస్తుంది, పళ్ళ ముక్క విరిగితే ముందే తెలుస్తుంది. కానీ దాని మీద ఏమీ లేదు కాబట్టి గేర్‌బాక్స్ బ్రహ్మాండంగా ఉందనుకోవద్దు. ఇందాక చెప్పిన సింక్రో రింగుల ఇత్తడి అయస్కాంతానికి అంటదు. ఇంజిన్ బేరింగుల తెల్ల లోహమూ అంటదు. లీవరు తిప్పితే ఆయిల్ దిగిపోయే వాల్వులు మాత్రం ఈ కార్లకి వద్దే వద్దు. అవి చాంబర్ కిందకి వేలాడతాయి. ఈ బళ్ళు అసలే నేలకి ఆనుకుని నడుస్తాయి, ఒక్క స్పీడ్ బ్రేకర్‌తో కథ ముగుస్తుంది.

ఇక ఒరిజినల్ వాదులు. వాళ్ళ మాటలో పస లేదని నేననను. ఒక్కొక్క ముక్కా "సౌకర్యం కోసం" మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది పాత కారు బొమ్మ. నా జవాబు ఏమిటంటే, వెనక్కి మార్చగలిగిన మార్పు వేరు, మార్చలేనిది వేరు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా వాళ్ళ ట్యూరిన్ చార్టర్ కూడా ఇదే అంటుంది. మార్పు చేస్తే మళ్ళీ పాత స్థితికి తేగలిగేలా చేయండి, తీసిన అసలు భాగాల్ని కారుతోనే ఉంచండి అని. ప్లగ్గు మార్పు ఈ పరీక్షలో సునాయాసంగా నెగ్గుతుంది. పాతదాన్ని ఆయిల్ గుడ్డలో చుట్టి, త్రెడ్డు సైజు రాసిన చీటీ కట్టి, కారు కాగితాలతో పెట్టండి. రంధ్రాన్ని పెద్దది చేసి కొత్త త్రెడ్డు కోయడం మాత్రం నెగ్గదు. త్రెడ్డు పూర్తిగా పోయినప్పుడు, హెలికాయిల్ లాంటి తీగ చుట్టతో కొత్త త్రెడ్డు పెట్టక తప్పనప్పుడు ఆ పని చేయాలి. "ఎలాగూ విప్పాం కదా, పెద్ద సైజు చేసేద్దాం" అని చేయకూడదు. జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్ చాంబర్ అల్యూమినియం పోత. దాన్ని పాడు చేసుకున్నవాళ్ళ జేబుకి పడిన చిల్లు గురించి వింటే ఎవరైనా చేతులు కట్టుకుంటారు.

ఇంకో విషయం. బ్రిటన్‌లో 2018 మే నుంచి 40 ఏళ్ళు దాటిన కార్లకి, పెద్ద మార్పులు చేయనంతవరకూ, ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. అంటే బ్రేకు పైపు తుప్పు పట్టిందా, స్టీరింగ్ రబ్బరు బూటు చిరిగిందా అని కారు కిందకి తొంగి చూసే బయటి మనిషి ఉండక్కర్లేదు. ఇక ఆయిల్ మార్చే వేళ యజమాని కింద దూరి చూసుకుంటేనే. ఆ కాస్త పనీ ఒక మొండి ప్లగ్గు వల్ల వాయిదా పడుతుంటే, దాన్ని కాపాడుకోవడం కారుని కాపాడటం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

డ్రెయిన్ ప్లగ్గే లేనివాళ్ళ బాధ వేరు. స్పిట్‌ఫైర్ తర్వాతి మోడళ్ళలో డిఫరెన్షియల్‌కి ఆ రంధ్రమే ఎత్తేశారు, ఫిల్లర్ ఒక్కటే మిగిలింది. అలాంటప్పుడు డ్రిల్లు పట్టుకుని కొత్త రంధ్రం వేయాలన్న ఉబలాటం కలుగుతుంది. డిఫరెన్షియల్ కిందకి దించి, పూర్తిగా విప్పి, కడిగే పని ఉంటే సరే. కారుకి ఉన్నదాన్ని ఉన్నట్టే తొలిచేస్తే లోహపు రజను నేరుగా లోపలి పెద్ద పళ్ళ చక్రం, అదే క్రౌన్ చక్రం, కిందకి పోతుంది. కాసేపు కారు నడిపి, ఆయిల్ వేడెక్కాక ఫిల్లర్ నుంచి సన్నటి గొట్టంతో పంపు పెట్టి లాగేయండి. అడుగున కొంచెం మిగులుతుంది, ఒప్పుకుందాం.

ఇదంతా ఇంగ్లండ్ గొడవ అనిపించొచ్చు గానీ, స్పిట్‌ఫైర్ ఛాసిస్‌కి మూలం ట్రయంఫ్ హెరాల్డ్. ఆ కారుని మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారు చేసింది, మన ఊళ్ళలో డాక్టర్లు, లాయర్లు నడిపారు. అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఎంజీఏలో వచ్చిన ఇంజిన్, ఎంజీబీ 1798 సీసీ ఇంజిన్ అన్నీ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ళ బీ సిరీస్ కుటుంబమే. మా నాన్న అంబాసిడర్ చూసే తెనాలి మేస్త్రీ గారికి ఫోన్ చేసి ఇక్కడ మా వీధిలో ఉన్న ఎంజీబీ గురించి అడిగితే, ఆయన కారుని ఒక్కసారీ చూడకుండానే చాంబర్ నట్టు దగ్గర ఎక్కడ కారుతుందో చెప్పారు. "రాగి వాషరు కొత్తది లేకపోతే పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్ళలో వెయ్యి బాబూ, మెత్తబడుద్ది. నట్టు మాత్రం మూడు చుట్లు చేత్తోనే తిప్పు, పానా తర్వాత" అన్నారు. రాగి కాలిస్తే మెత్తబడటం నూటికి నూరుపాళ్ళూ నిజం.

ఆ ఎంజీబీ మా వీధిలో ఉండే పెద్దాయనది, రైల్వేలో రిటైరైన ఇంగ్లీషాయన. ఆయనకీ నాకూ ఇప్పుడు తగువు నడుస్తోంది, ఈసారి పాత్రలు తారుమారై. ఇంజిన్ బ్లాకు వెనక భాగంలో నీళ్ళు దించే చిన్న ఇత్తడి ట్యాపు ఉంది. యాంటీఫ్రీజ్ మామూలైపోక ముందు, చలికాలం రాత్రుళ్ళు నీళ్ళు గడ్డకట్టి బ్లాకు పగలకుండా అలాంటి ట్యాపులు తిప్పి నీళ్ళు దించేసి పడుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఆయన ట్యాపు విప్పితే ఒక్క చుక్క రాదు, వెనక సిలిండరు చుట్టూ పేరుకున్న తుప్పు బురద దాన్ని మూసేసింది. తీసేసి ఒక ప్లగ్గు కొట్టేద్దాం అంటాడాయన, నా మాటలే నాకు అప్పజెబుతూ. నేను వద్దంటున్నాను. ఆ ట్యాపులో లోపం లేదు, దాని వెనక ఉన్న బురదలో ఉంది. ట్యాపు మొత్తం విప్పి, రంధ్రంలోకి గట్టి తీగ పోనిచ్చి కలియబెట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా గొట్టంతో కడిగి, అదే ట్యాపుని మళ్ళీ పెట్టాలి. ప్లగ్గు పెడితే బురద కనిపించదు, అంతే, వెనక సిలిండరు మాత్రం వేడెక్కుతూనే ఉంటుంది. వచ్చే ఆదివారం విప్పుతున్నాం. పాత కూలెంట్ కుక్కలకీ పిల్లులకీ విషం కాబట్టి ట్రే పెద్దది తెమ్మన్నాను. ట్రేతో పాటు ప్లగ్గు కూడా కొని తెస్తానన్నాడు.